ప్లైవుడ్ పడవకి ఎపాక్సీ: ముందు ఆరబెట్టండి, తర్వాత అంచులు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి: ప్లైవుడ్ పడవ మరమ్మతు, ఎపాక్సీతో (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు పూతతో) నీళ్ళు ఆపడం. అందుకే వేరే ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం చోటు దీనికే ఇచ్చాం. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, కానీ మిగతావాళ్ళు కూడా అది చదివాకే తమ జవాబు చూసుకుంటే మంచిది, ఎందుకంటే తర్వాత చెప్పినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: మాది ప్లైవుడ్‌తో చేసిన చిన్న పడవ. అడుగు చెక్క ఒకచోట మెత్తబడింది, వెనక పలక కింది అంచు పొరలు పొరలుగా విడిపోతోంది. మెత్తబడ్డ చోట కొత్త ముక్క వేసి, లోపలా బయటా ఎపాక్సీ రెండు కోట్లు కొట్టేస్తే ఇక నీళ్ళ భయం ఉండదని ఒకరన్నారు. ఇంకొకరేమో ఎపాక్సీ కొడితే చెక్క లోపల్లోపలే కుళ్ళిపోతుంది, దాని జోలికే పోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరూ చూసిందే చెప్పారు, కానీ ఇద్దరూ సగమే చెప్పారు. ఎపాక్సీ పూత నీళ్ళని ఆపుతుంది, నీటి ఆవిరిని కూడా చాలావరకు ఆపుతుంది. బయటి తడి లోపలికి రాదు, నిజమే, కానీ లోపల ఉన్న తడి కూడా బయటికి పోలేదు. చెక్కని తినే బూజుకి గాలి, వెచ్చదనం, తడి మూడూ కావాలి. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటిందంటే దానికి కావలసినంత దొరికినట్టే. 12 శాతం దగ్గర ఆరిన చెక్కని అన్ని వైపులా మూసేస్తే బూజుకి పని ఉండదు. 25 శాతం తడి ఉన్న చెక్కని మూసేస్తే మాత్రం ఆ తడిని లోపల భద్రంగా దాచిపెట్టినట్టవుతుంది, రెండో ఆయన చూసిన కుళ్ళు అదే. తప్పు ఎపాక్సీది కాదు, ఎప్పుడు కొట్టారు, ఎక్కడ కొట్టకుండా వదిలేశారు అన్నదే లెక్క.

చెక్క, ఎపాక్సీల జోడీ నిలబడదు అనేవాళ్ళకి ఒక్క ఉదాహరణ చెప్తాను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన గూజన్ సోదరులు 1970లో అడాజియో అనే మూడు పొట్టల తెరచాప పడవని చెక్క, ఎపాక్సీలతో కట్టారు. అది దశాబ్దాల తర్వాత కూడా పందేల్లో పాల్గొంది. ఆరిన చెక్క, అన్ని వైపులా మూత, ఎప్పటికప్పుడు గీతలు సరిచేయడం, ఈ మూడూ ఉంటే చెక్క పడవ మనిషి వయసుతో పోటీ పడుతుంది.

ఇక మీ పడవ సంగతి. మొదట కుళ్ళు ఎంత దూరం పోయిందో తేల్చుకోండి. స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా తట్టుకుంటూ వెళ్ళండి. బాగున్న చోట టంగుమని చురుగ్గా మోగుతుంది, చివికిన చోట మోత పడిపోయి దబ్‌మంటుంది. అనుమానం వచ్చిన చోట సన్నని సూదిమొన పనిముట్టుతో గుచ్చి చూడండి, వెన్నెముకలా నిలవాల్సిన చెక్క వేలి బలానికే దిగిపోతే అది పనికిరాదు. కంటికి కనిపించే నల్ల మచ్చ దగ్గర ఆగిపోకండి. ప్లైవుడ్‌లో తడి పొరల మధ్యన పక్కకి పాకుతుంది కాబట్టి పైన జానెడు మచ్చ ఉంటే లోపల అంతకు రెండింతలు ఉండొచ్చు. చెక్క రంగు తేటగా, గట్టిగా ఉన్నచోటు వచ్చేదాకా కోసి, అక్కడి నుంచి ఇంకో రెండు మూడు అంగుళాలు ఎక్కువే తీసేయండి. చివికిన చెక్కలో పల్చటి ఎపాక్సీ పోసి గట్టి చేసేద్దాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. అలా చేస్తే అది గట్టిపడినట్టు కనిపిస్తుంది గానీ పోయిన నారబలం తిరిగి రాదు. గుమ్మం మూల పూడ్చుకోవడానికి సరిపోవచ్చేమో గానీ మనుషులు కూర్చునే పడవ అడుగుకి సరిపోదు.

తర్వాత ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. ఉప్పునీళ్ళలో తిరిగిన పడవైతే ముందు మంచినీళ్ళతో బాగా కడగండి, ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటూనే ఉంటుంది, అది చెక్కలో ఉన్నంతకాలం చెక్క పూర్తిగా ఆరదు. పాత రంగు రెండు వైపులా గీకేయండి. పడవని నేల మీంచి లేపి, కింద గాలి ఆడేలా దిమ్మెల మీద పెట్టి, వాన పడని చోట, నీడలో వదిలేయండి. మండుటెండలో పెడితే పైపొర ఆరి పగులుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఎన్ని రోజులు అని అడగకండి, వారాలు పడుతుంది, వాతావరణాన్ని బట్టి ఇంకా ఎక్కువ కూడా. తేమ కొలిచే మీటర్ దొరికితే 12 శాతం, మహా అయితే 15 లోపు చూపించేదాకా ఆగండి. మీటర్ లేకపోతే జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని చెక్క మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి. లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటే చెక్క ఇంకా తడి వదులుతోందన్నమాట, పని ఇంకా మొదలుపెట్టొద్దు.

కొత్త ముక్క అతికేటప్పుడు రెండు అంచుల్నీ ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టే స్కార్ఫ్ జాయింట్ మేలు. మందానికి ఎనిమిది రెట్లు వాలు పెట్టుకోవాలి, 6 మిల్లీమీటర్ల ప్లైకి 48 మిల్లీమీటర్లు, 9కి 72. అంత చోటు లేకపోతే వెనక నుంచి ప్లై పట్టీ వేసి అతికించొచ్చు, కాకపోతే లోపల మిట్టగా కనిపిస్తుంది. అతికే ముందు రెండు ముఖాలకీ ముందు పొడి కలపని, హార్డెనర్ మాత్రమే కలిపిన ఎపాక్సీ రాసి అది ఇంకనివ్వండి, ఆ తర్వాతే సిలికా పొడి కలిపి చిక్కబరిచింది పూయండి. నేరుగా చిక్కటిది పూస్తే పొడి చెక్క అందులోని రెసిన్‌ని పీల్చేసుకుని అతుకు మధ్యన పొడిపొడిగా మిగిలిపోతుంది. క్లాంపు కూడా బలంకొద్దీ బిగించకండి. అతుకు పొడుగునా కొంచెం జిగురు బయటికి ఉబికితే చాలు, ఎపాక్సీకి నొక్కుడు అక్కర్లేదు, మధ్యన అది మిగిలి ఉండటమే కావాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ప్లైవుడ్ ముఖం మీంచి వెళ్ళే నీళ్ళు తక్కువ, అంచుల్లోంచి వెళ్ళేవి ఎక్కువ. కోసిన అంచుని దగ్గరగా చూడండి: ఒక పొర నారలు నిలువుగా, పక్క పొరవి అడ్డంగా ఉంటాయి, అడ్డంగా తెగిన పొరలో నారలన్నీ సన్నని గొట్టాల కట్ట మూతి తెరిచినట్టు మీ వైపు చూస్తుంటాయి. అక్కడ బ్రష్‌తో ఎపాక్సీ రాయండి, నిమిషంలో మెరుపు పోయి మళ్ళీ పొడిగా కనిపిస్తుంది. మళ్ళీ రాయండి, ఈసారి కొంచెం ఆలస్యంగా ఇంకుతుంది. ఆ తెగిన పొరలు ఇక తాగలేక, తడి మెరుపు అలాగే నిలిచేదాకా రాస్తూనే ఉండాలి. తర్వాత సిలికా కలిపిన చిక్కటి ఎపాక్సీ కత్తితో పామి, ఆరాక అంచు మొనదేలకుండా గుండ్రంగా సాండ్ చేయండి, అంటే గరుకు కాగితంతో రుద్దండి. మొనదేలిన అంచు మీద ఏ పూతా నిలవదు, పలచబడి ముందు అక్కడే పగులుతుంది. మీ వెనక పలక పొరలు విడిపోవడానికి కారణం కింది అంచు మూయకుండా వదిలేయడమేనని నాకు గట్టి అనుమానం.

స్క్రూ కన్నాలు కూడా అంచులే, మనం మర్చిపోయే అంచులు. ప్రతి కన్నాన్నీ కావాల్సిన దానికన్నా పెద్దగా డ్రిల్ చేసి, గోడలకి ఎపాక్సీ రాసి, చిక్కబరిచిన దానితో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక మధ్యలో స్క్రూకి సరిపడా కొత్త కన్నం వేయండి. అప్పుడు స్క్రూ చుట్టూ ఎపాక్సీయే ఉంటుంది, చెక్క దాకా నీళ్ళు చేరవు. తెడ్డు కొయ్యలు, కడ్డీలు, అడుగున నీళ్ళు వదిలే బిరడా కన్నం, ఒక్కటీ వదలొద్దు. బిరడా కన్నం దగ్గర ఒక్క చుక్క నిర్లక్ష్యం చేసినా పడవ అడుగు చివికిపోతుంది, ఎందుకంటే లోపల చేరిన నీళ్ళు చివరికి నిలిచేది అక్కడే.

ఇంకొకటి, లోపలి వైపు రంగు బాగానే ఉంది కదా అని బయట మాత్రమే ఎపాక్సీ కొట్టడం సగం పని కూడా కాదు. లోపల నిలిచిన వాననీళ్ళే చెక్క పడవల్ని ఎక్కువగా చంపుతాయి. ఉప్పునీళ్ళలో బూజు అంత తేలిగ్గా పెరగదు, మంచినీళ్ళలో బాగా పెరుగుతుంది. రెండు కోట్లు అని చెప్పారు కదా, మధ్యలో సాండింగ్‌కి కొంత పోతుంది కాబట్టి మూడు కొట్టుకోండి.

ప్రశ్న: ఎపాక్సీ కొట్టి మూడు రోజులైంది, కొన్నిచోట్ల బాగా గట్టిపడింది, కొన్నిచోట్ల వేలికి అంటుకుంటూనే ఉంది. త్వరగా సెట్ అవుతుందని హార్డెనర్ కొంచెం ఎక్కువే వేశాను. దాని మీద ఇంకో కోటు కొట్టేస్తే సర్దుకుంటుందా?

జవాబు: సర్దుకోదు. కింద మెత్తగా ఉన్నదాని మీద గట్టిది కొడితే కొన్నాళ్ళకి పైది పెచ్చులుగా లేస్తుంది. జిగటగా ఉన్న చోటంతా గీకేసి, ఎసిటోన్ గుడ్డతో తుడిచి, సాండ్ చేసి మళ్ళీ మొదలుపెట్టండి. బాధగానే ఉంటుంది, కానీ వేరే దారి లేదు.

హార్డెనర్ ఎక్కువేస్తే త్వరగా గట్టిపడుతుందనే అలవాటు పాలిస్టర్ రెసిన్ వాడినవాళ్ళ నుంచి వచ్చింది. పాలిస్టర్‌లో వేసేది ఒకటి రెండు శాతం ఉండే ఉత్ప్రేరకం, అది పని మొదలుపెట్టిస్తుంది అంతే, కొంచెం అటూఇటూ అయినా వేగం మారుతుంది గానీ గట్టిపడుతుంది. ఎపాక్సీలో అలా కాదు. హార్డెనర్ అణువులు రెసిన్ అణువులతో జతకట్టి ఆ గట్టి పదార్థంలోనే భాగమైపోతాయి. ఏది ఎక్కువైనా జత దొరకనిది అలాగే మిగిలిపోయి మెత్తదనంగా, జిగటగా ఉంటుంది. వేగం కావాలంటే వేగంగా పనిచేసే హార్డెనర్ రకం వేరే కొనుక్కోవాలి, పాళ్ళు మార్చకూడదు.

పాళ్ళు కంపెనీని బట్టి మారతాయి, 5కి 1 ఉంటుంది, 3కి 1, 2కి 1 కూడా ఉంటాయి. డబ్బా మీద రాసింది కొలత గిన్నె లెక్కా, తూకం లెక్కా అన్నది తప్పకుండా చూడండి. రెసిన్ హార్డెనర్ కన్నా కొంచెం బరువు, కాబట్టి గిన్నె లెక్కలో 5కి 1 అన్నది తక్కెడ మీద 5కి 1 అవ్వదు.

మీకు కొన్నిచోట్ల గట్టిపడి కొన్నిచోట్ల పడలేదంటే పాళ్ళతో పాటు కలపడంలో కూడా లోపం ఉంది. గిన్నె గోడలకీ అడుగు మూలకీ అంటుకున్న రెసిన్ కలవకుండా మిగిలిపోతుంది, చివర్లో గిన్నె బోర్లించి గీకి పూసిన చోటే జిగట మిగులుతుంది. చదునైన కొన ఉన్న పుల్లతో గోడలూ అడుగూ గీకుతూ రెండు నిమిషాలు ఆపకుండా కలపండి, గుండ్రటి పుల్ల మూలలకి చేరదు. కలిపాక శుభ్రమైన ఇంకో గిన్నెలోకి వంచి మరోసారి కలిపితే ఇంకా మంచిది.

కలిపిన ఎపాక్సీని లోతు గిన్నెలో ఉంచి ఇంకో పని చూసుకోవడానికి వెళ్ళకండి. గట్టిపడేటప్పుడు అది వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి ఇంకా వేగంగా గట్టిపడుతుంది, అలా పెరిగి పెరిగి గిన్నె పొగలు కక్కుతుంది, ప్లాస్టిక్ కరిగిపోతుంది. కలపగానే వెడల్పాటి తట్టలో పల్చగా పోసుకోండి, పని చేసుకునే టైం బాగా పెరుగుతుంది. వాతావరణం పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే టైం దాదాపు సగానికి పడిపోతుందని గుర్తుంచుకుని ఎండ రోజుల్లో నెమ్మదిగా పనిచేసే హార్డెనర్ తీసుకుని, ఒక్కసారికి తక్కువ తక్కువ కలుపుకోండి.

ప్రశ్న: మొదటి కోటులో థిన్నర్ కలిపి పల్చన చేస్తే చెక్కలోకి బాగా ఇంకుతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: ఇంకుతుంది, కానీ దాంతో మీకు లాభం లేదు. థిన్నర్ ఆవిరైపోయేటప్పుడు పూతలో కంటికి కనిపించని దారులు మిగిల్చిపోతుంది, ఆ దారుల్లోంచే ఆవిరి లోపలికి పోతుంది. పూత బలం కూడా తగ్గుతుంది. ఎంత లోతు ఇంకిందన్నది కాదు, పైన ఎంత మందంగా, ఎక్కడా తెగకుండా పొర నిలిచిందన్నదే నీళ్ళని ఆపుతుంది. నా మాట వింటే థిన్నర్ డబ్బాని ఆ గదిలోకే తీసుకురాకండి.

బాగా ఇంకాలంటే చెక్కని వెచ్చబెట్టండి. హెయిర్ డ్రయ్యర్‌తోనో, నీడలోనే పగటి వేడికో చెక్క గోరువెచ్చగా అయ్యాక వేడి ఆపేసి, అప్పుడు పూయండి. వెచ్చటి చెక్కకి తగలగానే ఎపాక్సీ పల్చబడి తనంతట తాను లోపలికి పోతుంది. చల్లబడుతున్నప్పుడు చెక్కలోని గాలి కుంచించుకుని ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది కూడా.

ప్రశ్న: పొద్దున్నే చల్లగా ఉందని పూత వేశాను. మధ్యాహ్నానికి పూతంతా సన్నని బుడగలు, పిన్నుపోటు కన్నాలు. రెసిన్ పాతదా?

జవాబు: రెసిన్‌ది తప్పు కాదు, టైం తప్పు. పైన చెప్పిందే తిరగబడింది. పొద్దున చల్లటి చెక్క మీద పూశారు, ఎండెక్కేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి తడి పూతని చీల్చుకుని బయటికి వచ్చింది. మొదటి కోటు ఎప్పుడూ వేడి తగ్గుముఖం పట్టే సాయంత్రం పూటే వేయండి. ఇప్పుడున్నదాన్ని 80 నంబర్ కాగితంతో సాండ్ చేసి, కన్నాల్లో చిక్కబరిచిన ఎపాక్సీ అడ్డంగా గీకి నింపి, తర్వాత మామూలు కోటు వేయండి. నింపకుండా పైన కోటు కొడితే ఆ కన్నాలు అలాగే మళ్ళీ తేలతాయి.

ప్రశ్న: గట్టిపడ్డ ఎపాక్సీ మీద జిడ్డులా, మైనం రాసినట్టు ఏదో ఉంది. సాండ్ చేస్తే కాగితం నిండిపోతోంది.

జవాబు: హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి చేసే పొర అది, తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో బాగా కనిపిస్తుంది. నీళ్ళలో కరుగుతుంది, కాబట్టి శుభ్రమైన నీళ్ళూ గిన్నెలు తోమే గరుకు పీచూ చాలు, రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరాక సాండ్ చేయండి. కడగకుండా ముందే సాండ్ చేస్తే ఆ జిడ్డుని గీతల్లోకి రుద్దినట్టవుతుంది. థిన్నర్‌తో తుడవడం కూడా అంతే, చెరిగిపోదు, పరుచుకుంటుంది.

ఈ గొడవ తగ్గించుకోవాలంటే కింది కోటు పూర్తిగా గట్టిపడకముందే, గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండగానే తర్వాతి కోటు వేసుకుంటూ పోండి. అప్పుడు రెండు కోట్లూ ఒకటిగా కలిసిపోతాయి, మధ్యలో సాండింగ్ అక్కర్లేదు. ఒక సాయంత్రం మొదలుపెట్టి రాత్రికల్లా మూడు కోట్లూ అయ్యేలా ప్లాన్ చేసుకుంటే అన్నిటికన్నా సుఖం.

ప్రశ్న: ఎపాక్సీ కొడితే సరిపోతుందా, ఫైబర్ గ్లాస్ గుడ్డ కూడా వేయాలా? పాలిస్టర్ రెసిన్ చవక కదా, గుడ్డని దాంతో వేసుకోవచ్చా?

జవాబు: ఒడ్డు మీద ఇసుకలోకి, రాళ్ళలోకి లాగే పడవ అడుగుకి గుడ్డ కావాలి, లోపలి వైపుకి అంత అవసరం లేదు. ఎపాక్సీ ఒంటరిగా నీళ్ళని ఆపుతుంది గానీ రాపిడికి అరిగిపోతుంది. ఇంకో కారణం ప్లైవుడ్ రకం. దుంగని తిప్పుతూ పొర తీసిన కొన్ని మెత్త చెక్కల ప్లైలో, ముఖ్యంగా ఫర్ చెక్కలో, ఎండకీ తడికీ పైపొర నార వెంబడి సన్నగా చీలుతుంది, ఆ చీలిక పైనున్న పూతని కూడా చీలుస్తుంది. గుడ్డ ఉంటే ఆ చీలికని పైకి రానివ్వదు. చిన్న పడవకి చదరపు మీటరుకి 200 గ్రాముల గుడ్డ సరిపోతుంది. నేత కనిపించకుండా పోయేదాకా పైన కోట్లు వేయాలి, నేత బయటికి కనిపిస్తోందంటే అక్కడ పొర చాలనట్టే. పొట్టి పోగులు అంటించిన మ్యాట్ కొనకండి, దాన్ని పట్టి ఉంచే బంక చాలావాటిలో పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరిగేలా చేసింది, ఎపాక్సీలో సరిగా మెత్తబడదు.

పాలిస్టర్ గురించి సూటిగా చెప్తాను, చెక్క మీద వద్దు. చెక్కని అది ఎపాక్సీ అంత గట్టిగా పట్టుకోదు, తడి చేరితే దుప్పటి లాగినట్టు మొత్తం ఊడి వస్తుంది. గట్టిపడిన పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది, కానీ ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా గట్టిపడకపోవచ్చు. అందుకే ఒకచోట ఎపాక్సీతో మరమ్మతు చేశాక ఆ పక్కన కూడా ఎపాక్సీతోనే పోవాలి.

ప్రశ్న: ఎలాగూ ఎపాక్సీతో మూసేస్తున్నాం కదా, మామూలు ప్లైవుడ్ వాడితే ఏమవుతుంది?

జవాబు: జిగురు ఏది అన్నది చూడండి. నీళ్ళకి ఊడిపోయే జిగురుతో అతికిన ప్లై అయితే ఎప్పుడో ఒకరోజు ఒక గీత పడి నీళ్ళు చేరగానే పొరలు విడిపోతాయి. ముక్క కోసి గంటల తరబడి నీళ్ళలో ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ ఉడకబెట్టి చూడండి, పొరలు విడకపోతే జిగురు మంచిదే. ఇక పొరల మధ్య ఖాళీలు. కోసిన అంచులో నల్లటి సందులు కనిపిస్తే ఆ షీటు లోపల ఇంకా చాలా ఉంటాయి, నీళ్ళు చేరితే అక్కడ నిలుస్తాయి, బరువు పడితే అక్కడే విరుగుతుంది. బీఎస్ 1088 (బ్రిటన్‌ది), ఐఎస్ 710 (మన దేశానిది) లాంటి మెరైన్ ప్రమాణాల ముద్ర ఉన్న ప్లైలో జిగురు నీళ్ళకి తట్టుకుంటుంది, ఖాళీలు చాలా తక్కువ. అయితే మెరైన్ అన్న పేరు చూసి మూయకుండా వదిలేయొద్దు. నీళ్ళకి తట్టుకునేది జిగురు, తడి నిలిచిపోతే ఆ చెక్కనీ బూజు తినొచ్చు. పిల్లలు ఒడ్డు పక్కన తిప్పుకునే తేలిక పడవకి, అంచులు బాగా మూస్తే, మంచి జిగురున్న మామూలు ప్లై సరిపోతుందని నా అభిప్రాయం. లోతుల్లోకి, మోటారుతో వెళ్ళేదానికి మాత్రం ఒప్పుకోను.

ప్రశ్న: ఎపాక్సీ పూత అద్దంలా మెరుస్తోంది, చెక్క నార అందంగా కనిపిస్తోంది. రంగు వేయకుండా ఇలాగే ఉంచేయొచ్చా?

జవాబు: ఎండలో ఉంచితే ఆ అందం ఎక్కువ కాలం ఉండదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి ఎపాక్సీ పసుపెక్కి, మసకబారి, సున్నంలా పొడి రాలుతుంది, తర్వాత చెక్క నుంచి ఊడిపోతుంది. నార కనిపించాలనుకుంటే ఆ కిరణాల్ని ఆపే గుణమున్న వార్నిష్ నాలుగైదు కోట్లు వేసి, మెరుపు తగ్గినప్పుడల్లా మళ్ళీ కొట్టుకోవాలి. లేదంటే రెండు భాగాలు కలిపే పాలీయురేతేన్ పెయింటు అన్నిటికన్నా నమ్మకం. లేత రంగు ఎంచుకోండి, ముదురు రంగుకి ఎండలో చెక్క బాగా వేడెక్కుతుంది. కొన్ని మామూలు ఎనామెల్ రంగులు కొత్త ఎపాక్సీ మీద ఎన్నాళ్ళైనా ఆరవు, కాబట్టి ముందు జిడ్డు కడిగి, సాండ్ చేసి, చేతివెడల్పు చోట రాసి చూసుకున్నాకే పడవంతా మొదలుపెట్టండి.

ప్రశ్న: రెండు వారాలుగా ఈ పని చేస్తున్నాను, మణికట్టు దగ్గర ఎర్రగా దద్దుర్లు, దురద. చేతికి అంటిన ఎపాక్సీని ఎసిటోన్‌తో తుడుచుకుంటున్నాను. టెన్షన్ పడాలా?

జవాబు: పని ఇవాళే ఆపండి, చర్మ డాక్టర్‌ని కలిసి ఏం వాడుతున్నారో డబ్బా చూపించి చెప్పండి. ఎపాక్సీకి ఒంట్లో అలర్జీ ఒకసారి స్థిరపడిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, తర్వాత చిన్న చుక్క తగిలినా, సగం ఆరినదాన్ని సాండ్ చేసిన దుమ్ము పడినా మళ్ళీ దద్దుర్లు వస్తాయి. ఎసిటోన్ చర్మం మీది జిడ్డుని తీసేసి రెసిన్ లోపలికి పోయే దారి సుగమం చేస్తుంది, దాన్ని పనిముట్లకి తప్ప ఒంటికి తగలనివ్వొద్దు. చేతులకి సబ్బూ నీళ్ళూ, నీళ్ళు అక్కర్లేకుండా చేతులు శుభ్రం చేసే క్రీమూ వాడండి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, చినిగినా లోపల తడి చేరినా వెంటనే మార్చేయండి, గ్లవ్స్‌కీ చొక్కా చేతికీ మధ్య ఖాళీ లేకుండా చూసుకోండి, మీకు దద్దుర్లు వచ్చింది సరిగ్గా అక్కడే. సాండింగ్‌కి దుమ్మాపే మంచి మాస్కు ఉండాలి, ముఖానికి కట్టుకునే గుడ్డ చాలదు. పూత పూర్తిగా గట్టిపడేదాకా, అంటే కనీసం కొన్ని రోజులు ఆగి సాండ్ చేస్తే దుమ్ము వల్ల ప్రమాదం తగ్గుతుంది. ఇంట్లో వేరే ఎవరైనా మిగతా పని చేయగలిగితే వాళ్ళకే వదిలేయండి.

ప్రశ్న: రెసిన్ డబ్బాలో అడుగున పంచదార పేరుకున్నట్టు తెల్లగా ఉంది. పారేయాలా?

జవాబు: అక్కర్లేదు, చలికి గడ్డకట్టి స్ఫటికాలు కట్టింది. మూత కొంచెం వదులు చేసి, 50 డిగ్రీల దాకా వేడి చేసిన నీళ్ళలో డబ్బా నిలబెట్టి, తేటబడేదాకా అప్పుడప్పుడూ కలుపుతుండండి. మూత దగ్గర ఉన్న గింజలు కూడా కరగాలి, ఒక్కటి మిగిలినా మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: అంతా అయ్యాక ఎన్నాళ్ళకి నీళ్ళలో దించొచ్చు? తర్వాత ఏం చూసుకోవాలి?

జవాబు: రాత్రికి గట్టిపడినట్టు కనిపిస్తుంది, కానీ గది వేడిలో పూర్తి బలం రావడానికి సుమారు వారం పడుతుంది, చలి రోజుల్లో ఇంకా ఎక్కువ. ఆ వారం ఆగండి. తర్వాత, దించి తీసిన ప్రతిసారీ అడుగు అంచుల వెంట అరచేత్తో తడిమి చూడండి, గరుకుగా గీత తగిలితే అక్కడ తడి ఉందని అనుకుని, ఎండలో కాకుండా గాలికి ఆరబెట్టి, ఆరిందని ప్లాస్టిక్ కాగితంతో చూసుకుని, అప్పుడే ఎపాక్సీ రాయండి. తడి మీద రాసి మూసేస్తే మొదటి జవాబులో చెప్పిన లోపలి కుళ్ళే వస్తుంది. పడవని బోర్లించి పెట్టండి, లేదా బిరడా తీసి ముందు భాగం ఎత్తుగా పెట్టి, వాననీళ్ళు లోపల ఒక్క రోజు కూడా నిలవకుండా చూసుకోండి.